శామీర్‌పేట బస్సులో లెక్కల క్లాసు

మొదటి సంవత్సరం పిల్లల నోట్సులు దిద్దుతుంటే ఒక కుర్రవాడి పుస్తకంలో ఖాళీలు కనిపించాయి. లెక్క మొదలవుతుంది, రెండు మెట్లు సవ్యంగా నడుస్తుంది, ఆ తర్వాత మూడు నాలుగు గీతలు ఖాళీ. ఖాళీ దాటాక నేను బోర్డు మీద వేసిన తర్వాతి మెట్టు, జవాబు. పేజీ తిప్పితే మళ్లీ అదే. రాసిందాంట్లో తప్పు లేదు, దస్తూరీ కూడా బాగుంది. ఈ ఖాళీలు మాత్రం నాకు వెక్కిరింతలా అనిపించాయి.

అతన్ని క్లాసు మధ్యలో నిలబెట్టి, "మిగిలింది మీ బాపు వచ్చి రాస్తడా?" అని అడిగాను.

క్లాసంతా నవ్వింది. అతను నవ్వలేదు. తర్వాత రాసుకుంటానన్నాడు. తర్వాత అంటే ఎప్పుడని అడిగితే నేల చూశాడు. నోట్సుకు ఉండే మార్కుల్లో సగం కోసి, పుస్తకాన్ని బల్ల మీదికి విసిరాను. బల్ల అంచుకు తగిలి కింద పడింది. అతను వంగి తీసుకుని, అట్ట తుడుచుకుని కూర్చున్నాడు. అప్పటి నుంచి ఆ సంవత్సరమంతా నా ముఖంలోకి నేరుగా చూడలేదు.

కండ్లకోయలో హైవే పక్కనున్న ఇంజనీరింగ్ కాలేజీల్లో ఒకదాంట్లో నేను లెక్కలు చెబుతాను. ఈ పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను కాబట్టి బాగా చేస్తున్నానని అనుకునేవాణ్ని. మొదటి సంవత్సరం లెక్కల పేపరులో మా దగ్గర ఏటా చాలామంది తప్పుతారు. అందుకని యాజమాన్యం వెనకబడిన పిల్లలకు తోడ్పాటు అని ఒక ఏర్పాటు పెట్టి, బాధ్యత నాకు అప్పగించింది. సీనియర్ విద్యార్థులు జూనియర్లకు చెప్పాలి, నేను పైన చూసుకోవాలి. నియమాలు నేనే రాశాను. వాటిలో మొదటిది, ఏ సబ్జెక్టూ ఎప్పుడూ తప్పనివాళ్లే చెప్పేవాళ్లుగా ఉండాలని. అది రాసేటప్పుడు నాకు క్షణం కూడా అనుమానం రాలేదు.

ఆ కుర్రవాడిది శామీర్‌పేట దాటాక ఒక ఊరు. భూములున్న కుటుంబం. తండ్రి ఊళ్లో ఒకసారి పదవి చేసినవాడు, ఇప్పుడు ప్లాట్ల వెంచర్లు వేస్తున్నాడు. మొదటి ఇంటర్నల్ పరీక్షలో కొడుకుకు మార్కులు రాకపోతే తండ్రిని పిలిపించాను. తెల్ల బట్టల్లో వచ్చి, నేను చెప్పింది కొంచెం విని, చేత్తో ఆపాడు.

"సారూ, నాకు గివన్ని చెప్పకుండ్రి. వీడు చదువుత అన్నడు, పంపిన. ఒక్క ఏడు చూస్త. రెండో సంవత్సరంలకు పోతె పోతడు. ఆపేసిన్రనుకో, సైట్ మీద కూసుంటడు, వచ్చినోళ్లకు ప్లాట్లు చూపిస్తడు. మాకేం నష్టం?"

కొడుకు పక్కనే నిలబడి ఉన్నాడు. "నేను కూసోను బాపు" అన్నాడు మెల్లగా. తండ్రి అతని వైపు కూడా చూడలేదు.

తండ్రి వెళ్లాక ఎందుకు కూర్చోవని అడిగాను, ఊరికే, బల్ల మీద కాగితాలు సర్దుకుంటూ. వాళ్లన్న మూడేళ్లుగా సైట్ మీద వేసిన టెంటు కింద కూర్చుంటున్నాడట. పొద్దున్నుంచి సాయంత్రం దాకా రోడ్డు మీద ఆగే కార్ల కోసం చూడటం, ఆగితే లేవడం, ఆగకపోతే మళ్లీ కూర్చోవడం. అన్న ఇప్పుడు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడడట. తనకు యంత్రాలంటే ఇష్టమనీ, రెండో సంవత్సరం నుంచి అసలు సబ్జెక్టులు మొదలవుతాయనీ చెప్పాడు. అతనికి కావలసింది అంతే, రెండో సంవత్సరంలో కాలుపెట్టడం. దానికి అడ్డం నా పేపరు. అది తెలిసి కూడా ఆ తర్వాతి వారమే అతని పుస్తకం విసిరాను.

ఆ రోజుల్లోనే మూడో సంవత్సరం అమ్మాయి ఒకతె నా గదికి వచ్చింది. వాళ్లది మచ్చ బొల్లారం. తండ్రి ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే మెకానిక్. మొదటి సంవత్సరం లెక్కలు రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కిన అమ్మాయి కాబట్టి నాకు బాగా గుర్తు. జూనియర్లకు చెప్పేవాళ్లలో తననూ చేర్చుకోమని అడిగింది.

నియమం చదివావా అని అడిగాను. చదివానంది. మరి ఎందుకొచ్చావన్నాను.

"ఎక్కడ పడతరో నాకు ఎరుక సార్. నేను అన్ని తావుల పడ్డ" అంది.

"నీకు మూడుసార్లు చెప్పింది నేనే గదా. నాకంటె మంచిగ చెప్తవా?"

వెళ్లిపోతుందనుకున్నాను.

"మూడోసారి మీరు చెప్పలే సార్. నేనే సదువుకున్న" అంది.

బయటికి పొమ్మన్నాను. మర్యాద తెలియని పిల్ల అని పక్క బల్ల మీది మాస్టారితో అన్నాను. ఆయన అవునన్నాడు. మా గదిలో అలాంటి మాటలకు ఎవరూ కాదనరు. ఆ అమ్మాయి చెప్పింది నిజమా అబద్ధమా అని ఆలోచించే తీరిక నాకు లేకపోయింది. ఎలా చెప్పింది అన్నదే పట్టుకుని కూర్చున్నాను.

నేను ఏరిన టాపర్లు సాయంత్రం కాలేజీ విడిచాక క్లాసు మొదలుపెట్టేవాళ్లు. వాళ్లలో ఎక్కువమంది హాస్టల్లో ఉండేవాళ్లు, బండ్లున్నవాళ్లు. కాలేజీ విడిచిన పావుగంటకే బస్సులు కదులుతాయి. గండిమైసమ్మ వైపు వెళ్లేవి కొన్ని, మేడ్చల్ లోపలి ఊళ్లకు కొన్ని, శామీర్‌పేటకు ఒకటి. వెనకబడిన పిల్లల్లో చాలామంది ఆ బస్సుల మీద వచ్చేవాళ్లే. బస్సు తప్పితే రెండు చోట్ల మారి ఇల్లు చేరాలి. అందువల్ల నా క్లాసుకు వచ్చినవాళ్లు ఆ క్లాసు అవసరం లేనివాళ్లు. టాపర్ కుర్రాడు అచ్చం నాలాగే బోర్డు వైపు తిరిగి లెక్క చేసేవాడు, వాళ్లు నోట్సులో ఎక్కించుకునేవాళ్లు. మిగతావాళ్లకు ఆసక్తి లేదని పై వాళ్లకు చెప్పాను. కాలేజీ విడిచే వేళ, బస్సులు కదిలే వేళ రెండూ నాకు తెలుసు. రెంటినీ కలిపి చూడాలన్న ఆలోచనే రాలేదు.

ఒక సాయంత్రం నా బండి పాడై మెకానిక్ దగ్గర పెట్టాల్సి వచ్చింది. నా ఇల్లు అల్వాల్ వైపు. శామీర్‌పేట బస్సు కొంపల్లి మీదుగా మచ్చ బొల్లారం వచ్చి, అక్కడి నుంచి హకీంపేట, తూంకుంట దాటి వెళుతుంది. అదెక్కి మచ్చ బొల్లారంలో దిగుదామనుకున్నాను. కదిలే బస్సును ఆపి ఎక్కి, ముందు సీట్లో కూర్చున్నాను. వెనక ఉన్నవాళ్లు నన్ను చూడలేదు.

కాలేజీ బస్సులో ఎవరు ఎక్కడ కూర్చోవాలో రాసిపెట్టి ఉండదు కానీ అందరికీ తెలుసు. ముందు రెండు వరుసలు సార్లవీ మేడంలవీ. తర్వాత అమ్మాయిలు. తర్వాత అబ్బాయిలు. చిట్టచివరి పొడుగు సీటు ఫైనల్ ఇయర్ అబ్బాయిలది. మొదటి సంవత్సరం వాళ్లు ఆ సీటు దగ్గరికి కూడా పోరు. ఆ రోజు ఫైనల్ ఇయర్ వాళ్లు మధ్యలో కడ్డీలు పట్టుకుని నిలబడి ఉన్నారు. వింతగా అనిపించి వెనక్కి చూశాను. పొడుగు సీటు నిండా మొదటి సంవత్సరం మగపిల్లలు, ముందరి సీట్లలో వెనక్కి తిరిగి మోకాళ్ల మీద కూర్చున్నవాళ్లు కొందరు. మధ్యలో ఆ మచ్చ బొల్లారం అమ్మాయి. ఒళ్లో పుస్తకం. పక్కన నేను పుస్తకం విసిరిన కుర్రవాడు.

కొంపల్లి దగ్గర వాహనాలు నిలిచిపోయి, డ్రైవర్ ఇంజను ఆపాడు. వెనక మాటలు అప్పుడు వినిపించాయి.

"ఈడ సార్ ఏమన్నడు?" అని ఆ అమ్మాయి అడిగింది.

"తెలిసిందే గదా అన్నడు" అన్నారు నలుగురైదుగురు ఒక్కసారే. నా గొంతు పెట్టి, నేను సాగదీసినట్టే సాగదీసి అన్నారు. బస్సు సగం నవ్వింది. నిలబడ్డ ఫైనల్ ఇయర్ వాళ్లు కూడా నవ్వారు.

"ఎవలకు తెలిసింది? సార్‌కు తెలిసింది. మనకు తెల్వది. అందుకే ఖాళీ ఇడిసినం. ఇప్పుడు నింపుర్రి. రెండో అడ్డవరుసలకెళ్లి మొదటి వరుసకు మూడింతలు తీసేసిండు. మూడింతలే ఎందుకు? తమ్మీ, నువ్వు చెప్పు."

కుర్రవాడు చాలాసేపు ఆలోచించాడు. ఆమె అందించలేదు, ఎవరినీ అందించనివ్వలేదు. చివరికి అతను, అక్కడ మూడు ఉంది కాబట్టి దాన్ని సున్నా చేయడానికి అన్నాడు. ఆమె వాళ్లందరిచేత ఆ మాటను ఖాళీ గీతల్లో రాయించింది. తెలుగులోనే.

క్లాసులో ఆ మాట ఎన్నిసార్లు అంటానో నాకు తెలియదు. వాళ్లకు తెలుసు. నేను 'తెలిసిందే కదా' అన్న ప్రతిచోటా పెన్ను ఎత్తి, నాలుగు గీతలు వదిలి, అవతలి నుంచి రాసుకుంటారు. సాయంత్రం బస్సులో ఆ ఖాళీలు నింపుకుంటారు. నేను బోర్డు మీద చెప్పింది ఒక పాఠం. నేను మింగేసింది ఇంకొకటి, దాన్ని ఆమె చెబుతోంది.

ఒక మంచి ఉపాధ్యాయుడు అక్కడ సంతోషించి ఉండేవాడు. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. ఆ నవ్వు తప్ప ఇంకేదీ వినిపించలేదు.

మచ్చ బొల్లారంలో బస్సు ఆగింది. అది ఆమె స్టాపు కూడా. నేను ముందు తలుపులోంచి దిగాను. ఆమె దిగలేదు. డ్రైవర్ అద్దంలో వెనక్కి చూసి, అలవాటైనట్టు గేరు వేశాడు. లెక్క పూర్తయ్యేదాకా ఆమె తూంకుంట వరకో శామీర్‌పేట వరకో వెళ్లి, ఆర్టీసీ బస్సులో వెనక్కి వస్తుందని తర్వాత తెలిసింది. రోడ్డు పక్కన నిలబడి ఆ బస్సు పోవడం చూశాను. అప్పుడే నా మనసులో ఒక వాక్యం తయారైంది.

మరునాడు పొద్దున బస్సుల వ్యవహారం చూసే ఇన్‌చార్జి దగ్గరికి వెళ్లాను. ఆయన ముక్కుసూటి మనిషి, క్రమశిక్షణ అంటే ప్రాణం పెడతాడు. మాటల మధ్యలో, ఏదో గుర్తొచ్చినట్టు అన్నాను: "శామీర్‌పేట బస్సుల థర్డ్ ఇయర్ అమ్మాయి ఒకామె వెనక మగపిల్లల నడుమ కూసుంటున్నది. తన స్టాపు వచ్చినా దిగుతలేదు. జర చూడుండ్రి."

అందులో ఒక్క మాట అబద్ధం లేదు. అలా ఉండేలా జాగ్రత్తపడ్డాను. లెక్కలు చెబుతోందన్న మాట మాత్రం అనలేదు. ఆయన ఏమనుకుంటాడో నాకు తెలుసు. ఇన్నేళ్లు మనుషుల మధ్య బతికినవాణ్ని, ఆ మాత్రం తెలియదంటే ఎవరూ నమ్మరు.

ఆ సాయంత్రమే ఆయన బస్సెక్కి, అందరూ చూస్తుండగా ఆమెను వెనక నుంచి లేపి ముందు కూర్చోబెట్టాడట. స్టాపులో దిగకపోతే పాస్ రద్దు చేస్తానన్నాడట. ఏ ఇంటి పిల్లవో తెలుసుకుంటానని కూడా అన్నాడట. ఆమె లెక్కలు చెబుతున్నానంటే, లెక్కలు చెప్పడానికి కాలేజీ ఉంది, సార్లు ఉన్నారు అన్నాడట. ఆ జవాబులో ఉన్న సారు నేనే.

రెండు రోజుల తర్వాత ఆమె తండ్రి వచ్చాడు. పనిలోంచి నేరుగా వచ్చినట్టున్నాడు, భుజాన పనిముట్ల సంచి దించలేదు. ఇన్‌చార్జి గది ముందు వరండాలో నిలబెట్టి మాట్లాడారు. స్టాఫ్ రూం కిటికీలోంచి నాకు కనిపించాడు. తల ఊపుతున్నాడు, ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. కూతురు పక్కన నిలబడి గోడ చూస్తోంది. నేను లేచి ఇరవై అడుగులు నడిచి ఒక్క మాట చెబితే అయిపోయేది. చేతిలో టీ ఉంది. తాగాను. చల్లారకముందే తాగాలన్నట్టు తాగాను.

బస్సులో ఆ అమ్మాయికి ఒక పేరు పెట్టారు. వెనక సీటు మేడం అని. అంతకుముందు లేచి చోటిచ్చిన ఫైనల్ ఇయర్ వాళ్లలోనే ఒకరు పెట్టారట. చోటిచ్చినప్పుడు లేని ఆలోచనలు, ఇన్‌చార్జి వచ్చి వెళ్లాక అందరికీ వచ్చాయి. ఆమె ముందు సీట్లో కిటికీ వైపు కూర్చుని, తన స్టాపులో దిగి వెళ్లిపోయేది. వెనక పిల్లల నోట్సుల్లో ఖాళీలు ఖాళీలుగానే మిగిలాయి.

కుర్రవాడు నా గదికి వచ్చాడు. కూర్చోమనలేదు.

"మీరే చెప్పిన్రా సార్, అక్క గురించి?"

బస్సులో క్రమశిక్షణ ఉండాలి కదా అన్నాను.

"ఆ దినం మీరు బస్సుల ముందు కూసున్నరట. డ్రైవరన్న చెప్పిండు. మరి ఇన్నరు గద సార్, అక్క ఏం చెప్తున్నదో."

క్లాసుకు పో అన్నాను. అతను కదల్లేదు. ఇంకోసారి అన్నాను, గొంతు పెంచి. వెళుతూ తలుపు నెమ్మదిగా వేశాడు. గట్టిగా వేసి ఉంటే నాకు బాగుండేది, దాని మీద ఒక ఫిర్యాదు చేసుకునేవాణ్ని.

సెమిస్టర్ ఫలితాల్లో అతను లెక్కలు తప్పాడు. ఆ బస్సు పిల్లల్లో తప్పినవాళ్లు ఇంకా ఉన్నారు కానీ వాళ్లను మిగతా సబ్జెక్టులు గట్టెక్కించాయి. సంవత్సరం చివరికి అతని పరిస్థితి తేలిపోయింది. సప్లిమెంటరీలో ఈ ఒక్క పేపరు గట్టెక్కితే రెండో సంవత్సరం. లేకపోతే ఆపేస్తారు.

ఆ మార్కులు చూసిన రోజు నాకు మొదటిసారి భయం వేసింది. అతని కోసమే భయపడ్డానని చెప్పుకోవాలనుంది. నిజానికి సగం నా కోసం. నా ఏర్పాటు ఏమైందని పైవాళ్లు అడగడం మొదలుపెట్టారు. మిగతా సగం మాత్రం అతని కోసమే. టెంటు కింద కూర్చున్న వాళ్లన్న సంగతి గుర్తొచ్చింది.

అతన్ని పిలిచి నేనే చెబుతానన్నాను. "మీ దగ్గర వద్దు సార్" అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

అప్పుడు ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లాను. క్యాంటీన్ బయట స్నేహితురాళ్లతో నిలబడి ఉంది. నన్ను చూసి వాళ్లు పక్కకు జరిగారు. ఆ కుర్రవాడికి మళ్లీ చెప్పమని అడిగాను. గది ఇప్పిస్తాను, వేళ మీరే పెట్టుకోండి, నియమం కూడా తీసేస్తాను అన్నాను. ఏదో ఇస్తున్నవాడిలా మాట్లాడాను.

ఆమె అంతా విన్నది.

"చెప్త సార్. కని ముందు మీరు బస్సెక్కుర్రి. నేను వెనకకు ఎందుకు పోయిన్నో, నా స్టాపుల ఎందుకు దిగలేదో, ఇన్‌చార్జి సార్‌కు ఎవలు చెప్పిన్రో, అందరు ఇంటుంటే చెప్పుర్రి. ఆ దినం సంది తమ్ముని పక్కన కూసొని చెప్త."

ప్రిన్సిపాల్‌కు చెబుతాను, నోటీసు పెట్టిస్తాను అన్నాను.

"నోటీసు ఎవలు సదువుతరు? నా పేరు పోయింది బస్సుల. ఆడనే చెప్పాలె. మా నాయిన ఇప్పుడు రోజు స్టాపు కాడ నిలబడుతుండు సార్, నేను దిగుతున్ననా లేదా అని. పని ఇడిసిపెట్టి వచ్చి నిలబడుతుండు."

ఆలోచిస్తానన్నాను. ఆలోచించడానికి అందులో ఏముంది? సప్లిమెంటరీకి ఇంకా చాలా రోజులుంది కదా అనుకున్నాను. ఒకరోజు మీటింగు ఉందన్నాను. ఒకరోజు ఒంట్లో బాగాలేదన్నాను, నాకు నేనే. ఒక సాయంత్రం బస్సు దాకా వెళ్లాను కూడా. మెట్టు మీద కాలు పెడితే లోపల నలభై ముఖాలు ఇటు తిరిగాయి. డ్రైవర్‌ను ఏదో అడిగినట్టు అడిగి దిగొచ్చేశాను. ఇంకొన్ని సాయంత్రాలు హైవే మీద నా బండి ఆ బస్సు పక్కనుంచి పోయింది. కిటికీలో ఆ కుర్రవాడు కనిపించేవాడు. హెల్మెట్ ఉంది కాబట్టి నన్ను గుర్తుపట్టడనుకునేవాణ్ని.

చివరికి ఒకరోజు ఎక్కాను. ఎలా ధైర్యం వచ్చిందో చెప్పలేను. ధైర్యం కాకపోవచ్చు, తప్పించుకుని తప్పించుకుని విసుగొచ్చింది. ముందు వరుస దగ్గర కడ్డీ పట్టుకుని నిలబడి, ఈ బస్సులో ఒక పొరపాటు అవగాహన ఏర్పడిందని మొదలుపెట్టాను.

"వెనకకు ఇనవస్తలేదు సార్" అన్నారెవరో పొడుగు సీటు నుంచి.

రెండడుగులు వెనక్కి నడిచి మళ్లీ చెప్పాను. పొరపాటు అవగాహన అనే అన్నాను. ముందు సీట్లోంచి ఆ అమ్మాయి తల తిప్పకుండానే, "పొరపాటు ఎవలది సార్?" అంది.

అప్పుడు చెప్పాను. ఆమె జూనియర్లకు లెక్కలు చెప్పడానికే వెనక కూర్చుందని, లెక్క పూర్తికాకే స్టాపులో దిగలేదని, అది నా కళ్లతో చూసి కూడా చెప్పాల్సిన సగం చెప్పకుండా ఇన్‌చార్జికి ఫిర్యాదు చేసింది నేనేనని, పిల్లలు నా మాట మీద నవ్వారని ఆ పని చేశానని. చివరిది ఆమె అడగలేదు. నోట్లోంచి వచ్చేసింది.

ఒకడు ఫోను ఎత్తి పట్టుకున్నాడు, పక్కవాడు దాన్ని కిందికి నొక్కాడు. ఆ పేరు పెట్టినవాడు ఎవరో తల వంచుకునే ఉంటాడు, నాకు తెలియదు. డ్రైవర్, "సార్, కూసుంటరా దిగుతరా, బండి తీయాలె" అన్నాడు.

నేను వెనక సీటు వైపు చూస్తున్నాను. కుర్రవాడు లేడు.

"తమ్ముని కోసం చూస్తున్నరా?" అంది ఆ అమ్మాయి. ఇప్పుడు నా వైపు తిరిగింది. "నాలుగు దినాల సంది వస్తలేడు. సప్లీ ఫీజు కట్టే ఆఖరి దినం దాటిపోయింది. చదువలేదు, ఏం కడతవని వాళ్ల బాపు కట్టనియ్యలే. సైట్ మీద కూసోబెట్టిండు."

పరీక్షల విభాగానికి పరుగెత్తాను. గడువు పెంచడం తమ చేతిలో లేదన్నారు. అంతకుముందు రెండుసార్లు పెంచారట, ఆలస్య రుసుముతో. ఆ రెండుసార్లూ నేను ఆలోచిస్తూ ఉన్నాను. ఇన్‌చార్జి మరునాడు వరండాలో నన్ను ఆపాడు. "మీ పగకు నన్ను కట్టెలెక్క వాడుకున్నరు సార్" అన్నాడు. అంతే, మళ్లీ నాతో మాట్లాడలేదు. ఆయన కోపం న్యాయమైనదే.

ఆ అమ్మాయి ఫైనల్ ఇయర్‌కు వచ్చింది. వరండాలో ఎదురైతే నమస్కారం పెట్టదు, పక్కకు తప్పుకోదు కూడా. నేనే తప్పుకుంటాను. వాళ్ల నాన్న స్టాపు దగ్గర నిలబడటం మానేశాడో లేదో నాకు తెలియదు. అడిగే హక్కు లేదు.

సెలవుల్లో ఒక మధ్యాహ్నం మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే రోడ్డు మీద ఆ వెంచర్ వెతుక్కుంటూ వెళ్లాను. కొత్తగా రంగేసిన కమాను, లోపల ఎర్రమట్టి రోడ్లు, తెల్ల రాళ్లు, పక్కన టెంటు. టెంటు కింద ప్లాస్టిక్ కుర్చీల్లో అన్నదమ్ములిద్దరూ ఉన్నారు. నా బండి ఆగగానే ఇద్దరూ లేచారు. నన్ను పోల్చుకుని తమ్ముడు ఒక్క క్షణం ఆగి, అన్నను కూర్చోమని తను వచ్చాడు.

"రాండ్రి సార్. తూర్పు ముఖం కావాల్నా, ఉత్తరమా?"

అందుకు రాలేదన్నాను. వచ్చే ఏడు మళ్లీ చేరవచ్చనీ, మీ నాన్నతో నేను మాట్లాడతాననీ అన్నాను. వినపడనట్టే లేఅవుట్ కాగితం బల్ల మీద పరిచి, వేలు పెట్టి చూపించడం మొదలుపెట్టాడు. ఇది ముప్పై అడుగుల రోడ్డు, ఇది పార్కుకు వదిలింది, ఈ మూల ప్లాటు వంకరగా ఉంటుంది కాబట్టి కొలత ఇలా వేస్తారు, ఎందుకు అలా వేస్తారంటే ఇందుకు. ఒక్క మెట్టు కూడా వదల్లేదు.

"సమజైందా సార్? కాకపోతె మళ్ల చెప్త. తెలిసిందే గదా అని నేను ఇడిసిపెట్ట."

నేను జేబులో బండి తాళం వెతుక్కున్నాను.

"ఫీజు ఆఖరి దినం దాంక రోజు బస్సుల ముందు తలుపు దిక్కు చూసిన సార్" అన్నాడు, కాగితం మడుస్తూ. "ఒకనాడు మీరు మెట్టు మీద కాలు పెట్టిన్రు. అక్క బుక్కు కూడ తీసింది."

రోడ్డు మీద ఒక కారు నెమ్మదించింది. అతను అటు నడిచాడు. అన్న కుర్చీలోంచి నన్ను చూస్తున్నాడు, ఎవరో ఏమిటో అడగకుండా. బండి తీశాను.

ఇప్పుడు కొత్త మొదటి సంవత్సరం పిల్లలు వచ్చారు. తోడ్పాటు క్లాసును భోజనానికి ముందు గంటకు మార్పించాను, తప్పి గట్టెక్కినవాళ్లే చెప్పాలని నియమం తిరగరాశాను. గట్టెక్కినవాళ్లు ఎవరూ పేరు ఇవ్వలేదు. ఆ అమ్మాయికి ఏమైందో వాళ్లందరికీ తెలుసు.

క్లాసులో ఆ మాట ఇంకా నోటికి వస్తుంది. వచ్చినప్పుడు ఆగి, వెనక్కి వెళ్లి, మింగిన మెట్టు బోర్డు మీద వేస్తాను. వేయకుండా దాటిపోయినవి ఎన్నో నాకు తెలియదు. అందుకే నోట్సులు దిద్దేటప్పుడు ఖాళీ గీతల కోసం వెతుకుతాను. ఎవరి పుస్తకంలోనూ లేవు. నేను రాసింది రాసినట్టు, మెట్టు వెంట మెట్టు, నడుమ చోటు లేకుండా దించుకుంటున్నారు. ఖాళీ వదిలితే నింపేవాళ్లెవరూ లేరని వాళ్లకు ఎవరో చెప్పినట్టున్నారు.